శీతాకాలపు అతిథి గోధుమరంగు తల గల్ పక్షి: గుర్తించే విధానం, సంతానోత్పత్తి విశేషాలు

ప్రత్యేక వ్యాసం

బాలానగర్: హైదరాబాద్ మహానగర వాయవ్య భాగాన బాలానగర్, జీడిమెట్ల, కూకట్‌పల్లి పారిశ్రామిక వాడలకు, హైటెక్ సిటీ ఐటీ కారిడార్‌కు నడుమ అనేక చెరువులు విస్తరించి ఉన్నాయి. ఏటా అక్టోబరు, నవంబరు మాసాల నుండి ఈ చెరువులకు, నగర పరిసరాలలోని పెద్ద జలాశయాలకు వలస పక్షుల రాక ప్రారంభమవుతుంది. బాతులు, ఉల్లంకులు, కొంగలతో పాటు అప్పుడప్పుడు నీటిపై తేలియాడుతూ, గాలిలో వలయాలు తిరుగుతూ కనిపించే తెల్లని పక్షులు చూపరులను ఆకర్షిస్తాయి. వీటిని కొందరు సీగల్ అని, మరికొందరు సముద్రపు కాకి అని పిలుస్తారు. అయితే చెరువుపై ఎగిరే ప్రతి తెల్లని పక్షీ గల్ పక్షి కాదు. గల్ పక్షి అయినప్పటికీ అది ఏ జాతికి చెందినదో, ఎక్కడ గూడు కడుతుందో చాలామందికి తెలియదు.

ఈ విషయం కేవలం పక్షి ప్రేమికుల ఆసక్తికి సంబంధించినది మాత్రమే కాదు. గల్ పక్షులు మన చెరువులకు విశ్రాంతి కోసం, ఆహారం కోసం వస్తాయి. వీటి గూళ్లు ఇక్కడికి వేల కిలోమీటర్ల దూరంలో, హిమాలయాల ఆవలి సరస్సులలో ఉంటాయి. దీనికి భిన్నంగా, చూపులకు గల్ పక్షిని పోలి ఉండే నది టెర్న్ మన నదుల ఇసుక తిన్నెలపైన, జలాశయాల దిబ్బలపైన మండు వేసవిలో గుడ్లు పెడుతుంది. మొదటి పక్షికి శీతాకాలంలో రక్షణ అవసరం. రెండవ పక్షికి వేసవిలో రక్షణ అవసరం. రెండింటినీ ఒకటిగా భావించినప్పుడు "వలస పక్షులు వెళ్లిపోయాయి" అన్న ధీమాతో వేసవిలో దిబ్బలను తవ్వడం, పశువులను తోలడం జరుగుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే ఇసుకలో గుడ్లు ఉంటాయి. కనుక గుర్తింపు సంరక్షణకు తొలిమెట్టు అవుతున్నది.

గల్ పక్షుల సాధారణ లక్షణాలు

గల్ పక్షులు నీటిని ఆశ్రయించి జీవించే పక్షులు. బాతుకు ఉన్నట్లే వీటి కాలివేళ్ల మధ్య చర్మపు పొర ఉంటుంది. అందువల్ల ఇవి నీటిపై సునాయాసంగా ఈదుతూ చాలాసేపు తేలగలవు. రెక్కలు పొడవుగాను, తోక విసనకర్రవలె గుండ్రంగాను, ముక్కు దృఢంగాను ఉంటుంది. చేపలు, రొయ్యలు, పురుగులు, దున్నిన పొలాలలో దొరికే వానపాములు, చేపల రేవులలో పారవేసే వ్యర్థాలు వీటి ఆహారం. దేనినైనా తిని జీర్ణించుకొనగల శక్తి వీటి మనుగడకు బలం. ప్లాస్టిక్, కలుషిత వ్యర్థాల విషయంలో అదే వీటి బలహీనత కూడా.

తెలుగు నేలపై శీతాకాలంలో కనిపించే మధ్యస్థ పరిమాణపు గల్ పక్షులలో రెండు జాతులు ముఖ్యమైనవి. ఒకటి గోధుమరంగు తల గల్, రెండవది నల్లతల గల్. కాకినాడ సమీపంలోని కోరంగి మడ అడవుల తీరంలోను, పులికాట్ సరస్సులోను, కోస్తా చేపల రేవులలోను ఇవి పెద్ద గుంపులుగా చేరుతాయి. సముద్రానికి దూరంగా ఉన్న తెలంగాణలో వీటి సంఖ్య తక్కువ. విశాలమైన జలాశయాలపై చిన్న గుంపులుగా లేదా ఒంటరిగా ఇవి కనిపిస్తాయి. నగర చెరువుపై ఒక గల్ పక్షి కనిపించినప్పుడు దానిని జాగ్రత్తగా గుర్తించి నమోదు చేయవలసిన అవసరం ఈ కారణంగానే ఏర్పడుతున్నది.

పేరును చూసి పొరబడరాదు

ఈ పక్షులకు తల రంగును బట్టి పేర్లు పెట్టినప్పటికీ, మన ప్రాంతంలో ఉండే కాలంలో అధికభాగం వాటి తలపై ఆ రంగు కనిపించదు. సంతానోత్పత్తి కాలంలో తలను ముసుగువలె కప్పి ఉంచే ముదురు రంగు ఈకలు ఆ కాలం ముగిసిన పిదప రాలిపోయి, తెల్లని ఈకలు వస్తాయి. నవంబరు నుండి జనవరి వరకు మన చెరువులపై కనిపించే గల్ పక్షి తల దాదాపు తెల్లగా ఉండి, కంటి వెనుక చెవి వద్ద ఒక ముదురు చుక్క మాత్రమే మిగిలి ఉంటుంది. ఫిబ్రవరి, మార్చి మాసాలలో తిరుగు ప్రయాణానికి సిద్ధమయ్యే పక్షులకు క్రమంగా మళ్లీ ముసుగు రంగు ఏర్పడుతుంది. ఒకే గుంపులో తెల్లతల పక్షులు, సగం ముసుగు ధరించినవి, పూర్తి ముసుగు ఉన్నవి కలిసి కనిపించడం ఈ మాసాలలో సహజం. అవి వేర్వేరు జాతులని భావించనవసరం లేదు.

మరొక విశేషమేమనగా, నల్లతల గల్ అని పిలిచే పక్షి తల నిజానికి నలుపు కాదు. అది ముదురు చాక్లెట్ రంగు. గోధుమరంగు తల గల్ ముసుగు అంతకంటె లేతగా ఉండి, మెడ వద్ద అంచు మాత్రం ముదురుగా ఉంటుంది. దూరం నుండి చూసినప్పుడు ఈ భేదం స్పష్టం కాదు. కాబట్టి తల రంగుపై కాక, ఏడాది పొడవునా మారని ఇతర గుర్తులపై ఆధారపడడం మంచిది.

గుర్తించే విధానం

మొదటి గుర్తు రెక్కల చివర. గోధుమరంగు తల గల్ ఎగిరేటప్పుడు రెక్కల చివరి భాగం విశాలంగా నల్లగా కనిపిస్తుంది. ఆ నలుపులో కొనకు కాస్త లోపలగా అద్దాలు పొదిగినట్లు తెల్లని మచ్చలు ఉంటాయి. నలుపుకు వెనుక, రెక్క మధ్య వైపు మరొక తెల్లని పట్టీ ఉంటుంది. నల్లతల గల్‌కు ఈ అద్దపు మచ్చలు ఉండవు. దాని రెక్క ముందు అంచు పొడవునా తెల్లని పట్టీ సాగి, ఈకల కొనలు మాత్రమే నల్లగా ఉంటాయి. ఎగిరే పక్షిని ఒక్క క్షణం చూసినా ఈ తేడాతో రెండింటినీ వేరు చేయవచ్చు.

రెండవ గుర్తు కన్ను. ఎదిగిన గోధుమరంగు తల గల్ కంటిపాప చుట్టూ ఉండే వలయం లేత పసుపు లేదా తెలుపు రంగులో ఉంటుంది. దూరదర్శినితో చూసినప్పుడు ఆ చూపు తీక్షణంగా తోస్తుంది. నల్లతల గల్ కన్ను పూర్తిగా ముదురు రంగులో ఉండి సౌమ్యంగా కనిపిస్తుంది.

మూడవ గుర్తు శరీర పరిమాణం. గోధుమరంగు తల గల్ పొడవు సుమారు 42 సెంటీమీటర్లు. నల్లతల గల్ దానికంటె కొంత చిన్నది, తేలికైనది. మొదటిదాని రెక్కలు వెడల్పుగాను, ముక్కు దళసరిగాను ఉండగా, రెండవదాని రెక్కలు సన్నగాను, ముక్కు నాజూకుగాను ఉంటాయి. రెండు జాతులకూ ముక్కు, కాళ్లు ఎరుపు రంగులోనే ఉంటాయి. కాబట్టి ఆ రంగును బట్టి నిర్ణయానికి రాలేము.

పిల్ల పక్షుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తొలి ఏడాది పక్షులకు రెక్కలపై గోధుమరంగు ఈకలు, తోక చివర నల్లని పట్టీ ఉంటాయి. గోధుమరంగు తల గల్ పిల్లలకు రెక్క కొనలు పూర్తిగా నల్లగా ఉండి, అద్దపు మచ్చలు ఇంకా ఏర్పడి ఉండవు. కన్ను కూడా ముదురుగానే ఉంటుంది. తోక నల్లపట్టీ ఉన్న పక్షిని చూసినప్పుడు వయసును ముందు నిర్ణయించి, ఆ తరువాతనే జాతిని నిర్ణయించాలి.

ఈ రెండింటితో పాటు పల్లాస్ గల్ అనే భారీ పక్షి కూడా శీతాకాలంలో మన తీరానికి వస్తుంది. సంతానోత్పత్తి కాలంలో దీని తల నిజంగానే నల్లగా మారుతుంది. పరిమాణంలో ఇది పై రెండింటికంటె చాలా పెద్దది. పసుపు రంగు ముక్కుపై కొన వద్ద నల్లని, ఎర్రని గుర్తులు ఉండడం వల్ల దీనిని సులభంగా గుర్తించవచ్చు.

పేరు వెనుక నెల్లూరు వైద్యుడు

గోధుమరంగు తల గల్‌ను శాస్త్రలోకానికి 1840లో పరిచయం చేసినవారు టి.సి. జెర్డాన్. మద్రాసు సైన్యంలో వైద్యునిగా చేరిన ఆయన నెల్లూరులో కూడా పనిచేశారు. దక్షిణాది పక్షుల జాబితాను తొలిసారి సమగ్రంగా రూపొందించిన ఘనత ఆయనదే. కడప జిల్లా చిట్టడవులకే పరిమితమైన కలివికోడి ఆంగ్లనామంలో నేటికీ ఆయన పేరే నిలిచి ఉంది. దశాబ్దాల పాటు అంతరించిందని భావించిన ఆ కలివికోడి 1986లో తిరిగి కనుగొనబడిన సంగతి తెలిసినదే. గల్ పక్షికి జెర్డాన్ పెట్టిన బ్రన్నిసెఫాలస్ అన్న శాస్త్రీయ నామానికి గోధుమరంగు తల కలది అని అర్థం. పూర్వం ఈ పక్షులను లారస్ అనే ప్రజాతిలో చేర్చగా, జన్యు పరిశోధనల అనంతరం క్రోయికోసెఫాలస్ అనే ప్రజాతికి మార్చారు. నల్లతల గల్‌కు లినేయస్ 1766లో పెట్టిన రిడిబండస్ అన్న నామానికి నవ్వునది అని అర్థం. గుంపులో అది చేసే కేకలు పకపక నవ్వినట్లు వినిపించడమే ఇందుకు కారణం.

హైదరాబాద్ ప్రాంతపు పక్షుల అధ్యయనానికి కూడా చక్కని చరిత్ర ఉంది. ప్రముఖ పక్షి శాస్త్రవేత్త డాక్టర్ సలీం అలీ 1931-32లో నాటి నిజాం సంస్థానమంతటా పక్షుల సర్వే నిర్వహించారు. అనంతర కాలంలో 1980లో ఏర్పడిన పక్షి పరిశీలకుల సంఘం నేడు డెక్కన్ బర్డర్స్ పేరుతో ఆ కృషిని కొనసాగిస్తున్నది. 1987 నుండి ప్రతి జనవరిలో ఆసియా దేశాలలో జరుగుతున్న నీటిపక్షుల గణనలో స్వచ్ఛంద పరిశీలకుల పాత్ర కీలకమైనది.

హిమాలయాల ఆవల గూళ్లు

మన చెరువుపై కనిపించే గోధుమరంగు తల గల్ జన్మస్థానం మధ్య ఆసియాలోని ఎత్తైన పీఠభూములు. టిబెట్, పామీర్ ప్రాంతపు సరస్సులతో పాటు మన దేశంలోని లద్దాఖ్‌లో కూడా ఇది సంతానోత్పత్తి చేస్తుంది. సముద్రమట్టానికి 4,500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న త్సో మొరిరి వంటి సరస్సులు ఇందుకు అనువైన స్థలాలు. త్సో మొరిరికి 2002లోను, త్సో కర్ చిత్తడి నేలలకు 2020లోను అంతర్జాతీయ ప్రాధాన్యం గల రామ్‌సర్ స్థలాలుగా గుర్తింపు లభించింది. మన కొల్లేరు సరస్సు కూడా 2002లోనే ఆ జాబితాలో చేరిందన్నది గమనార్హం.

మార్చి, ఏప్రిల్ నాటికి మన నేలను విడిచిన పక్షులు సరస్సులపై మంచు కరిగే వేళకు అక్కడికి చేరుకుంటాయి. ఆ ఎత్తులో వేసవి కొద్ది మాసాలే ఉంటుంది. ఆ వ్యవధిలోనే జత కట్టడం, గుడ్లు పెట్టడం, పిల్లలను ఎగిరే వయసుకు తీసుకురావడం పూర్తి కావాలి. కనుక ఇవి ఆలస్యం లేకుండా సరస్సు మధ్య దీవులలోను, నీటి మొక్కలు పెరిగిన చిత్తడి నేలలలోను సమూహాలుగా గూళ్లు కట్టుకుంటాయి. ఎండు గడ్డి, నీటి మొక్కల కాడలు పోగుచేసి నేలపైనే గూడు అమర్చుకుంటాయి. ఆడపక్షి సాధారణంగా 3 గుడ్లు పెడుతుంది. గుడ్లపై ఉండే ముదురు మచ్చల వల్ల అవి చుట్టూ ఉన్న నేలలో కలిసిపోయి శత్రువుల కంటికి సులభంగా కనిపించవు. గుడ్లు పొదిగే పనిని ఆడ, మగ పక్షులు పంచుకుంటాయి.

ఒకే చోట వందలాది గూళ్లు ఉండడంలో లాభనష్టాలు రెండూ ఉన్నాయి. నక్క గాని, కాకి గాని సమీపిస్తే సమూహమంతా ఒక్కసారిగా లేచి కేకలు వేస్తూ దానిపై దాడి చేసి తరిమివేస్తుంది. అయితే పొరుగు గూటిలోని గుడ్లను, అప్పుడే పుట్టిన పిల్లలను తినివేసే గల్ పక్షులు కూడా ఆ సమూహంలోనే ఉంటాయి. అందువల్ల ప్రతి జంట తన గూటి చుట్టూ కొద్దిపాటి స్థలాన్ని హద్దుగా భావించి కాపాడుకుంటుంది.

గుడ్డు పెంకులో దాగిన రహస్యం

నల్లతల గల్ ఐరోపా నుండి ఆసియా తూర్పు తీరం వరకు విస్తారంగా సంతానోత్పత్తి చేస్తుంది. కనుక గల్ పక్షుల గూటి ప్రవర్తనపై జరిగిన పరిశోధనలలో దీనికి ప్రముఖ స్థానం దక్కింది. ఈ జాతి సాధారణంగా 3 గుడ్లు పెట్టి, 23 నుండి 26 రోజుల పాటు పొదుగుతుంది. సుమారు ఐదు వారాలకు పిల్లలు ఎగరడం నేర్చుకుంటాయి.

పిల్ల బయటికి వచ్చిన పిదప ఖాళీ పెంకును తల్లిదండ్రులు ముక్కుతో పట్టుకొని గూటికి దూరంగా పారవేస్తాయి. పొదిగే పక్షి గూడు విడిచివెళితే ఆ కొద్దిసేపు గుడ్లకు, పిల్లలకు ప్రమాదం ఉంటుంది. అయినా ఆ పని ఎందుకు చేస్తుందన్న ప్రశ్నకు నికో టిన్‌బర్గెన్ అనే శాస్త్రవేత్త ఇంగ్లాండులోని రావెన్‌గ్లాస్ ఇసుక దిబ్బలపై పరిశోధన జరిపి, ఫలితాలను 1962లో వెల్లడించారు. గుడ్డు పైభాగం మచ్చలతో నేలలో కలిసిపోయినా, పగిలిన పెంకు లోపలి తెలుపు దూరానికి మెరుస్తూ కాకులను ఆకర్షిస్తుంది. పెంకు పక్కనే ఉంచిన గుడ్లు అధికంగా కాకుల పాలు కాగా, పెంకు దూరమయ్యే కొద్దీ గుడ్లకు ముప్పు తగ్గినట్లు ఆయన నిరూపించారు. తడి ఆరని పిల్లను పొరుగు పక్షులు తినివేసే అవకాశం ఉన్నందున, పిల్ల ఒళ్లు ఆరే వరకు పెంకును తొలగించకుండా తల్లి వేచి ఉండడం కూడా గమనించారు. జంతు ప్రవర్తనపై చేసిన కృషికి గాను టిన్‌బర్గెన్ 1973లో మరో ఇద్దరు శాస్త్రవేత్తలతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఒక సరస్సు కష్టం అనేక దేశాల నష్టం

గోధుమరంగు తల గల్ కొద్దిపాటి సరస్సులపైనే ఎక్కువగా ఆధారపడడం వల్ల కలిగే ప్రమాదం 2005లో స్పష్టమైంది. చైనాలోని చింగ్‌హై సరస్సు ఈ జాతికి ప్రధాన సంతానోత్పత్తి స్థలాలలో ఒకటి. ఆ ఏడాది వేసవిలో అక్కడ హెచ్5ఎన్1 రకం బర్డ్ ఫ్లూ వ్యాపించి వేల సంఖ్యలో పక్షులు మరణించాయి. మృతి చెందినవాటిలో పట్టీతల బాతులు, పల్లాస్ గల్ పక్షులతో పాటు గోధుమరంగు తల గల్ పక్షులు కూడా ఉన్నాయి. అడవి పక్షులలో అంతటి భారీ స్థాయిలో ఆ వ్యాధి ప్రబలడం ప్రపంచ దృష్టిని ఆకర్షించింది. ఆ తరువాత థాయిలాండ్‌లో శీతాకాలం గడిపే గోధుమరంగు తల గల్ పక్షులకు ఉపగ్రహ సంకేత పరికరాలు అమర్చి వాటి ప్రయాణ మార్గాలను పరిశోధకులు గుర్తించారు. ఆ ఫలితాలు 2012లో ప్రచురితమయ్యాయి. గూడు కట్టే సరస్సు, దారిలో ఆగే చిత్తడి నేల, చలికాలం గడిపే చెరువు ఈ మూడూ ఒకే గొలుసులోని లంకెలు. వాటిలో ఏ ఒక్కటి తెగినా పక్షి మనుగడ ప్రశ్నార్థకమవుతుంది. సైబీరియా నుండి హిందూ మహాసముద్రం వరకు సాగే మధ్య ఆసియా వలస మార్గంలో భారతదేశం ప్రధాన గమ్యస్థానం. ఆ మేరకు మన చెరువుల బాధ్యత కూడా పెద్దది.

దిబ్బలపై గూళ్లు ఎవరివి?

వేసవిలో నదులు, జలాశయాల నీటిమట్టం తగ్గి ఇసుక తిన్నెలు బయటపడినప్పుడు, వాటిపై గుడ్లు పెట్టిన తెల్లని పక్షులను చూసి గల్ పక్షులని భావించడం కద్దు. మన ప్రాంతంలో గల్ పక్షులు గూళ్లు కట్టవు. అవి సాధారణంగా నది టెర్న్ పక్షులై ఉంటాయి. టెర్న్ పక్షికి ముక్కు బాకువలె సన్నగా, సూటిగా ఉంటుంది. తోక లోతుగా రెండుగా చీలి ఉంటుంది. గల్ పక్షి నీటిపై కూర్చొని తేలుతుంది. టెర్న్ నీటిపై అరుదుగా వాలుతుంది. గాలిలో తిరుగుతూ చేప కనిపించగానే తలకిందులుగా నీటిలోకి దూకి పట్టుకుంటుంది. వేసవిలో నది టెర్న్‌కు పసుపుపచ్చని ముక్కు, నుదుటి నుండి మెడ వరకు నల్లని టోపీ, ఎర్రని కాళ్లు ఉంటాయి.

నది టెర్న్ గూడు కట్టదు. ఇసుకలో పొట్టతో చిన్న గుంట చేసి, అందులో 2 లేదా 3 గుడ్లు పెడుతుంది. మార్చి నుండి మే వరకు ఎండకు ఇసుక కాలిపోయే రోజులలో గుడ్లను వెచ్చబరచడం కంటె చల్లబరచడమే దానికి పెద్ద పని. పక్షి నీటిలో పొట్ట ఈకలను తడుపుకొని వచ్చి గుడ్లపై కూర్చుంటుంది. మనుషులు, కుక్కలు సమీపించినప్పుడు పక్షి లేచి ఎంతసేపు గాలిలో తిరిగితే గుడ్లు అంతసేపు ఎండకు మాడుతాయి. గుడ్డును ఎవరూ తాకకపోయినా ఈ విధంగా పిల్ల నశించే ప్రమాదం ఉంది.

పొరుగు రాష్ట్రమైన కర్ణాటకలోని భద్ర జలాశయ దీవులు నది టెర్న్ గూళ్లకు ప్రసిద్ధి చెందాయి. గోదావరి, కృష్ణా, మంజీర నదీ పరీవాహకాలలో కూడా ఈ పక్షి కనిపిస్తుంది. ఇసుక తవ్వకం, ఎగువ జలాశయాల నుండి అకస్మాత్తుగా నీరు విడుదల కావడం, వీధి కుక్కలు, పశువుల తొక్కిడి వంటి కారణాల వల్ల దీని సంఖ్య తగ్గుతున్నది. ఈ నేపథ్యంలో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం 2020లో నది టెర్న్‌ను ముప్పుకు లోనయ్యే జాతుల జాబితాలో చేర్చింది. గోధుమరంగు తల గల్‌కు ప్రస్తుతం అటువంటి ముప్పు లేదు. మనం అతిథిగా ఆదరించే పక్షి కంటె, మన గడపలోనే పుట్టే పక్షి ఎక్కువ ఆపదలో ఉన్నదని దీనివల్ల తెలుస్తున్నది.

బాలానగర్ నుండి హుస్సేన్ సాగర్ దాకా

వాయవ్య హైదరాబాద్ పారిశ్రామిక వాడల వర్షపు నీరు, మురుగునీరు కూకట్‌పల్లి నాలా ద్వారా ప్రవహించి హుస్సేన్ సాగర్‌లో కలుస్తుంది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా పాలనలో 16వ శతాబ్దంలో నిర్మితమైన ఆ సరస్సు నాణ్యత బాలానగర్, జీడిమెట్ల పరిసరాలలో నాలాలోకి చేరే వ్యర్థాలపై చాలావరకు ఆధారపడి ఉంటుంది. నీటిలోని రసాయనాలు చేపలలోకి, చేపల నుండి వాటిని తినే పక్షులలోకి చేరుతాయి. కర్మాగారం వెనుక వదిలిన మురుగుకు, సరస్సుపై ఎగిరే పక్షికి ఉన్న సంబంధం కంటికి కనిపించకపోయినా వాస్తవమైనది.

ఇదే బాలానగర్‌లో భారత అంతరిక్ష పరిశోధన సంస్థకు చెందిన జాతీయ దూర సంవేదన కేంద్రం ఉండడం విశేషం. ఉపగ్రహ చిత్రాల సాయంతో దేశంలోని భూవనరులు, జలవనరుల స్థితిగతులను ఈ కేంద్రం అధ్యయనం చేస్తున్నది. 2009లో ప్రారంభమైన భువన్ పోర్టల్ ద్వారా ఆ సమాచారం సామాన్య ప్రజలకు కూడా అందుబాటులోకి వచ్చింది. చెరువు విస్తీర్ణం కాలక్రమేణా ఎంత తగ్గిందో ఇటువంటి చిత్రాల ఆధారంగా పోల్చి చూడవచ్చు. అంతరిక్షం నుండి చూసే కన్ను చెరువు హద్దును చూపగలదు. ఆ చెరువుపై వాలిన పక్షి ఏదో చెప్పవలసినది మాత్రం గట్టున నిలిచిన పౌరుడే.

చెరువును కాపాడుకొంటే ఫలితం ఉంటుందనడానికి అమీన్‌పూర్ పెద్ద చెరువు నిదర్శనం. మియాపూర్ సమీపంలోని ఈ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో ఒక నగర ప్రాంత జలాశయానికి ఈ గుర్తింపు లభించడం అదే ప్రథమం.

ప్రజలు పాటించవలసిన జాగ్రత్తలు

1. చెరువుల వద్ద పక్షులకు బ్రెడ్డు, మిక్చర్, చిప్స్ వంటి తినుబండారాలు వేయరాదు. వీటివల్ల పక్షులకు పోషణ లభించదు, నీరు కూడా కలుషితమవుతుంది.

2. వలస పక్షులు అధికంగా ఉండే కాలంలోనే సంక్రాంతి వస్తుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించిన నైలాన్, చైనా మాంజాను కొనరాదు, వాడరాదు. తెగిన దారం చెట్లపై, నీటి అంచున చిక్కుకొని నెలల తరబడి పక్షుల రెక్కలను కోస్తూనే ఉంటుంది.

3. మాంసపు వ్యర్థాలు, చెత్తను చెరువు గట్లపై పారవేయరాదు. వాటికి చేరే కాకులు, కుక్కలు నేలపై గూడు పెట్టే పక్షుల గుడ్లను కూడా తినివేస్తాయి.

4. మార్చి నుండి జూన్ వరకు ఎండిన చెరువు గర్భంలోకి, ఇసుక దిబ్బలపైకి వాహనాలు నడపరాదు. నది టెర్న్‌తో పాటు తీతువు పిట్ట కూడా నేలపైనే గుడ్లు పెడుతుంది. తలపై తిరుగుతూ అరిచే పక్షి సమీపంలో గుడ్లు ఉన్నాయని తెలియజేస్తున్నదని గ్రహించి, వచ్చిన దారినే వెనుదిరగాలి.

5. గూళ్ల ఛాయాచిత్రాల కోసం దగ్గరకు వెళ్లరాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 వేట అన్న పదానికి ఇచ్చిన నిర్వచనంలో పక్షుల గుడ్లను పాడుచేయడం, గూళ్లను చెదరగొట్టడం కూడా చేరి ఉన్నాయి.

6. చనిపోయిన నీటిపక్షులు ఒకే చోట అనేకం కనిపించినప్పుడు వాటిని చేతితో తాకకుండా, వెంటనే పశుసంవర్ధక శాఖకు లేదా అటవీ శాఖకు సమాచారం ఇవ్వాలి.

7. పక్షిని చూసిన తేదీ, స్థలం, సంఖ్య, రెక్క కొన గుర్తు, కంటి రంగు, తల రంగులను నమోదు చేసుకోవాలి. పాఠశాలల హరిత సంఘాలు జనవరిలో జరిగే నీటిపక్షుల గణనలో పాల్గొనడం అభిలషణీయం.

నవంబరులో తెల్లని తలతో వచ్చి, మార్చిలో ముసుగు ధరించి వెళ్లిపోయే గోధుమరంగు తల గల్‌కు మన చెరువు ఒక శీతాకాలపు విడిది. అది వెళ్లిన తరువాత అదే నీటి ఒడ్డు నది టెర్న్‌కు, తీతువుకు పురిటిల్లు అవుతుంది. రెండు కాలాలలోను చెరువుకు రక్షణ కల్పించినప్పుడే ఈ రెండు రకాల పక్షులకు మేలు జరుగుతుంది. ఈ దిశగా కాలనీ సంక్షేమ సంఘాలు, పారిశ్రామిక యాజమాన్యాలు, ఐటీ సంస్థల ఉద్యోగులు, విద్యార్థులు తమవంతు సహకారం అందించవలసిన అవసరం ఎంతైనా ఉంది.